మూయని తూము

తెనాలిలో ఒక ఎరువుల టోకు వ్యాపారి ఉండేవాడు. బాపట్లలో ఒక శాఖ, రేపల్లెలో ఒక శాఖ ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ల డీలర్లు ఒకప్పుడు ఫోన్లో చెప్పి సరుకు రాయించుకునేవాళ్లు, గుమాస్తా పుస్తకంలో ఎక్కించేవాడు. తర్వాత ఆయన డబ్బు పెట్టి ఒక ప్రోగ్రాం రాయించాడు. డీలరు తన కొట్లోనే కూర్చుని సెల్‌ఫోన్లో సైటు తెరిచి, యూరియా ఇన్ని బస్తాలు, డీఏపీ ఇన్ని బస్తాలు అని ఇండెంటు పెడితే చాలు. గోదాములో నిల్వ ఉందో లేదో అదే చూసి బిల్లు తయారుచేస్తుంది. జావాలో రాసిన ప్రోగ్రాం అది. టామ్‌క్యాట్ అనే సర్వరు మీద నడుస్తుంది. లెక్కలన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉంటాయి. మిషను మాత్రం తెనాలిలో లేదు, ముంబైలో అద్దెకు తీసుకున్నది.

ఆ సర్వరును చూసుకోవడానికి వ్యాపారి ఒక కుర్రాణ్ని పెట్టుకున్నాడు. చురుకైనవాడు. సైటు ఆగిందని ఫోను రావడమే ఆలస్యం, లాప్‌టాప్ తెరిచి టామ్‌క్యాట్‌ను ఆపి మళ్లీ లేపేవాడు. రెండు నిమిషాల్లో పని మొదలయ్యేది. రోజూ ఈ ఫోన్లెందుకని, రాత్రిపూట ఎవరూ వాడని వేళ దానంతటదే ఆగి లేచేట్టు, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్‌లో ఒక లైను రాసిపెట్టాడు. ఆ లైను పడ్డాక ఫోన్లు తగ్గాయి. వ్యాపారి సంతోషించి జీతం పెంచాడు. ఆ మంచిపేరుతోనే కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం దొరికింది, వెళ్లిపోయాడు.

అతని చోటికి ఒక అమ్మాయి వచ్చింది. రేపల్లె దగ్గర పల్లెటూరు ఆమెది, ఇంజినీరింగు బాపట్లలో చదివింది. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి భట్టిప్రోలు, వేమూరు, జంపని దాటి తెనాలిలో దిగేది. చేరింది మే నెలలో. అప్పుడు ఎరువుల వ్యాపారం మందకొడిగా ఉంటుంది, సర్వరూ నిమ్మళంగా ఉంది. క్రాన్‌లో ఆ లైను ఆమె కంట పడింది. పెద్దవాళ్లెవరో ఏదో అవసరానికి రాసి ఉంటారనుకుని దాని జోలికి పోలేదు.

కాలువలకు నీళ్లొదిలారు. నారుమళ్లయ్యాయి, నాట్లు పడ్డాయి. ఆగస్టు వచ్చేసరికి డెల్టా అంతా ఒక్కసారిగా యూరియా కోసం లేచింది. అప్పుడు మొదలైంది అసలు బాధ. పొద్దున తొమ్మిదింటికి బాగానే ఉన్న సైటు పదకొండు దాటగానే బిగుసుకుపోయేది. ఎక్కడా తప్పని చూపించదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి పైన ఉండే కంపెనీ బొమ్మ కూడా రాదు. సర్వరు తన పనులు రాసుకునే లాగు తెరిచి చూస్తే చడీచప్పుడు ఉండదు.

రేపల్లె శాఖ గుమాస్తా ఫోను చేసేవాడు. "అమ్మాయ్, మళ్లీ ఆగిందమ్మా. డీలర్లు వచ్చి కూర్చున్నారు. నేనేం చెప్పను వీళ్లకి?"

"ఇప్పుడే లేపుతున్నా బాబాయ్, ఒక్క నిమిషం."

లేపేది. గంటన్నర నడిచేది. మళ్లీ ఫోను.

వ్యాపారి మాత్రం తెనాలి కొట్లో కూర్చునేవాడు. తెనాలి డీలర్లు కొట్టు తెరిచీ తెరవగానే ఇండెంట్లు పెట్టేసుకుని లారీ కోసం చూస్తూ ఉండేవాళ్లు. పదకొండుకి ఆయన ముందు ఇబ్బంది పడేవాడు ఎవడూ మిగిలేవాడు కాదు. రేపల్లె వైపు డీలర్లు పొద్దున ఊళ్లు తిరిగి, ఏ రైతుకు ఎన్ని బస్తాలు కావాలో కనుక్కుని, ఆ తర్వాత కూర్చుని రాసేవాళ్లు. వాళ్లు కూర్చునేసరికి సైటు ఆగేది. "రేపల్లెలో నెట్టు సరిగ్గా ఉండదు" అని వ్యాపారి తేల్చేశాడు.

ప్రోగ్రాం రాసినవాళ్లను అడిగితే, పూల్ పెంచమన్నారు. ఆ పూల్ ఏమిటో చెబుతాను, కథంతా దాని మీదే ఉంది. డేటాబేసుతో మాట్లాడాల్సిన ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరవడం ఆలస్యమవుతుందని, సర్వరు కొన్ని కనెక్షన్లను తెరిచి ఒకచోట ఉంచుకుంటుంది. ఎవరికి పనిబడితే వాళ్లు ఒకటి తీసుకోవాలి, పనయ్యాక తిరిగి అక్కడే పెట్టాలి. వాళ్ల పూల్‌లో 50 ఉన్నాయి. అమ్మాయి 150 చేసింది. మర్నాడు పదకొండుకి సైటు ఆగలేదు. వ్యాపారి మెచ్చుకున్నాడు. మధ్యాహ్నం ఆగింది. ఈసారి దాంతో పాటు బాపట్ల శాఖలో జమాఖర్చుల ప్రోగ్రాం కూడా ఆగింది. రెండూ ఒకే డేటాబేసు మీద నడుస్తాయి. మనం ప్రత్యేకంగా పెంచుకుంటే తప్ప మైఎస్‌క్యూఎల్ ఒకేసారి 151 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది. ఇండెంట్ల సర్వరే 150 పట్టుకుని కూర్చుంటే బాపట్లకు మిగిలింది ఒక్కటి. అంతవరకు రేపల్లెకే ఉన్న కష్టం బాపట్లకూ పాకింది. వాళ్ల గోల పడలేక శనివారం సాయంత్రం అమ్మాయి మళ్లీ 50కే దించి ఇంటికి వెళ్లింది.

ఆ ఇంట్లో తాత ఉన్నాడు. నీటిపారుదల శాఖలో లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా కాలువ గట్టున నడుస్తూ, తూముల షట్టర్లు ఎత్తుతూ దించుతూ గడిచిపోయింది.

"ఏందమ్మాయ్, ఆదివారం పూట కూడా ఆ మొహమేంది?" అన్నాడు.

"సర్వరు ఆగిపోతంది తాతయ్యా. ఎంత పెంచినా చాలట్లేదు. చివర వచ్చినోళ్లకు అందట్లా."

ముసలాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "చివరోళ్లకు అందట్లేదా? మరి ఎగువన ఎవరు తాగుతున్నారు?"

"అదే తెలవట్లేదు. ఆగగానే లేపుతున్నా. లేపంగానే అన్నీ మామూలుగా ఉంటన్నాయి."

"అట్టా అయితే నీకు జన్మలో తెలవదు" అన్నాడు తాత. తర్వాత తన సంగతి చెప్పాడు.

"నేను పనిలో చేరిన కొత్తలో మా శివారుకు నీళ్లు అందలా. రైతులంతా ఆఫీసు మీదకొచ్చారు. పైవాళ్లకు చెప్పి ఇంకాస్త వదిలిచ్చారు. గేజి రాయి దగ్గర చూస్తే నీళ్లు పెరిగినయ్. శివారుకు మాత్రం రాలా. ఎందుకు రాలా? ఎగువన తెరిచున్న తూములే ఆ పెరిగిన నీళ్లు కూడా తాగినయ్. తెరిచున్న తూముకు ఎంత వదిలితే అంత తాగుద్ది. చాలు అనదు."

"మరేం చేశారు?"

"మా పెద్ద లస్కరు నా చేతికి టార్చిలైటు ఇచ్చి గట్టెమ్మట నడవమన్నాడు. కాలవ కట్టేసి నడుస్తాలే, సుళువుగా ఉంటదన్నా. నామీద గయ్యిమన్నాడు. కాలవ పారేటప్పుడే నడవాలిరా, కట్టేస్తే అన్ని తూములూ ఒక్క తీరుగానే ఉంటయ్, ఏది తాగిందో నీకెవరు చెప్తారన్నాడు. సరేనని శివారు నించి ఎగువకు నడిచా. తూము తూముకీ ఆగి, షట్టరు ఎంత లేచుంది, బోదెలో నీళ్లు పారతన్నయ్యా లేదా, అప్పుడు టైమెంత, అంతా చీటీ మీద రాసుకుంటా పోయా. తెల్లారేసరికి దొరికింది. ఒకాయన పొలానికి నీళ్లు పెట్టుకుని తూము మూయకుండా ఇంటికి పోయాడు. మడి నిండి, గట్టు పొర్లి, నీళ్లన్నీ మురుగు కాలవలో పడి సముద్రంలోకి పోతన్నయ్. ఆయనకు అక్కర్లా, శివారోడికి లేవు. అట్టాంటి తూములు ఏడెనిమిది తేలినయ్."

"దొంగతనంగా తెరిచారా?"

"ఛ, దొంగలు కాదమ్మా. మర్చిపోయినోళ్లు. పని సజావుగా అయినోడు తూము మూసే పోతాడు. మధ్యలో ఏదో అడ్డం వచ్చుద్ది చూడు, గొడ్డు తప్పిపోయిందనో, ఇంటికాడ్నించి కబురొచ్చిందనో, అప్పుడు పరిగెత్తినోడే మర్చిపోతాడు."

సోమవారం అమ్మాయి వ్యాపారి దగ్గరికి వెళ్లింది. "సార్, ఈసారి ఆగినప్పుడు వెంటనే లేపను. నాకు పది నిమిషాలు కావాలి."

"పది నిమిషాలే! సీజను టైములోనా? పాత కుర్రాడు రెండు నిమిషాల్లో లేపేవాడమ్మా."

"అవును సార్. రోజూ లేపేవాడు."

వ్యాపారి కాసేపు ఆమెకేసి చూసి, సరే కానీయమన్నాడు.

11:10కి రేపల్లె నుంచి ఫోను వచ్చింది. అమ్మాయి ఆ టైము కాగితం మీద రాసుకుంది. పక్కనే 05:40 అని కూడా రాసింది. ముంబైలో ఉన్నా ఆ మిషను గడియారం యూటీసీ కాలంలో ఉంది, మనకు అయిదున్నర గంటలు వెనక. ఇన్నాళ్లూ లాగులో పదకొండు గంటల దగ్గర వెతికిన వాళ్లంతా సాయంత్రం నాలుగున్నర దాటాక జరిగింది చదువుతున్నారన్నమాట.

టామ్‌క్యాట్ ఇంకా బతికే ఉంది, ఆగి ఉంది. ఆమె జెస్టాక్ అనే కమాండు ఇచ్చింది. ఆ క్షణాన జావాలో ఏ థ్రెడ్ ఏ లైను దగ్గర నిలబడి ఉందో అది రాసిస్తుంది, దాన్నే థ్రెడ్ డంపు అంటారు. ఒక్కసారి తీస్తే ఆగిందో నడుస్తోందో తెలియదు కాబట్టి పది సెకన్ల ఎడంతో మూడుసార్లు తీసి ఫైల్లో దాచింది. మూడింటిలోనూ ఒకటే దృశ్యం. టామ్‌క్యాట్‌కు మామూలుగా ఉండే 200 థ్రెడ్లూ పూల్ దగ్గర ఒకే లైను మీద నిలబడి, కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్నాయి. కంపెనీ బొమ్మ కూడా ఎందుకు రావడంలేదో అప్పుడు అర్థమైంది. బొమ్మ పంపడానికైనా ఒక థ్రెడ్ కావాలి కదా, అన్నీ ఇక్కడే ఇరుక్కున్నాయి. కానీ ఆమె చూపు నిలిచింది ఇంకోదాని మీద. కనెక్షన్ చేతిలో ఉంచుకుని పనిచేస్తున్న థ్రెడ్ ఒక్కటంటే ఒక్కటి లేదు. పూల్‌లో ఏమీ మిగల్లేదు, వాడుతున్నవాడూ లేడు. మరి 50 కనెక్షన్లు ఏమయ్యాయి?

డేటాబేసులోకి వెళ్లి ప్రాసెస్ లిస్టు అడిగింది. యాభై అక్కడున్నాయి. అన్నిటి ఎదురుగా 'స్లీప్' అని ఉంది, ఎన్ని సెకన్ల నుంచో అంకె ఉంది. కొన్ని మూడువేలు దాటాయి, కొన్ని ఆరువేలు. తెరిచి ఉన్నాయి, ఏ పనీ చేయడంలేదు. ఉలుకూపలుకూ లేని కనెక్షన్‌ను మైఎస్‌క్యూఎల్ మామూలుగా 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు భరిస్తుంది. కొట్టు కట్టేసేదాకా అవి కదలవు. ఆ జాబితా కూడా ఫైల్లో దాచింది. అప్పుడు లేపింది. అప్పటికి రేపల్లె గుమాస్తా మళ్లీ మళ్లీ ఫోను చేస్తున్నాడు, వ్యాపారి ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

ఎవరు తీసుకున్నారో ఇంకా తేలలేదు. థ్రెడ్ డంపులో కనబడేది ఎదురుచూసేవాళ్లే, తీసుకుని పోయినవాళ్లు అక్కడ ఉండరు. దానికి పూల్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. తీసుకుని అయిదు నిమిషాలు దాటినా తిరిగి ఇవ్వని కనెక్షన్‌ను లాక్కోమనీ, దాన్ని తీసుకున్నది ప్రోగ్రాంలో ఏ లైనో లాగులో రాయమనీ చెప్పవచ్చు. ఆ సాయంత్రం ఆ రెండూ పెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి లాగులో వరసగా పడ్డాయి. అన్నీ ఒకే ఫంక్షను, ఒకే లైను.

కోడు తెరిచింది. నిల్వ చూసే ఫంక్షను అది. పైన కనెక్షన్ తీసుకుంటుంది. కింద, చిట్టచివర, తిరిగి ఇస్తుంది. నడుమ ఒక చిన్న షరతు: అడిగినన్ని బస్తాలు లేకపోతే 'నిల్వ లేదు' అని చెప్పి అక్కడి నుంచే వెనక్కి వెళ్లిపో. చివరి లైనుదాకా పోదు. అంటే 'నిల్వ లేదు' అన్న ప్రతిసారీ ఒక కనెక్షన్ పోతుంది.

మే నెలలో గోదాము నిండుగా ఉంటుంది, ఆ మాట రావడమే అరుదు. వచ్చిన ఒకటీ అరా రాత్రి క్రాన్ లేపినప్పుడు తుడిచిపెట్టుకుపోయేవి. ఆగస్టులో యూరియా లారీ దిగీ దిగకముందే ఖాళీ. ఆలస్యంగా కూర్చున్న డీలరుకు 'నిల్వ లేదు' అని వస్తుంది. అతను ఊరుకోడు, రైతులకు మాటిచ్చి వచ్చాడు. పది నిమిషాలకోసారి మళ్లీ నొక్కుతాడు. నొక్కిన ప్రతిసారీ ఇంకొకటి పోతుంది. ప్రోగ్రాం రాసినరోజు పరీక్ష చేసినవాళ్లు నిల్వ నిండుగా పెట్టుకుని చూసి, సరిగ్గా ఉందని సంతకం పెట్టారు. సరుకు లేని రోజు ఎట్లా ఉంటుందో ఎవరూ చూడలేదు.

ఆ ఫంక్షనును మార్చడానికి పూట కూడా పట్టలేదు. ఏ దారిన బయటికి పోయినా కనెక్షన్ తిరిగి పూల్‌కు చేరేటట్టు రాశారు. పూల్ 50 దగ్గరే ఉంచారు. క్రాన్‌లో ఆ రాత్రి లైను తీసేస్తానని అమ్మాయి అంటే వ్యాపారి భయపడ్డాడు. "ఉంటే ఏం నష్టం?" అన్నాడు. "అది ఉంటే ఇంకో చోట ఇట్లాంటిది జరుగుతున్నా మనకు తెలవదు సార్" అంది. తీసేశారు. ఎవరూ లేపే పని లేకుండానే సర్వరు సంక్రాంతి దాటింది. 50లో ఏ ఒక్క రోజూ పదిహేనుకు మించి వాడుకలో లేవు.

తర్వాత అమ్మాయి వ్యాపారి ముందు ఇంకో కాగితం పెట్టింది. గడచిన సీజన్లలో రేపల్లె నుంచి వచ్చిన ఇండెంట్లు, గంటలవారీగా. పదకొండు దాటాక గీత పడిపోయి ఉంది. అక్కడి డీలర్లు కొందరు ఎప్పుడో వేరే టోకు కొట్టుకు మారిపోయారు. రేపల్లెలో మన సరుక్కి గిరాకీ తగ్గిందని ఇన్నాళ్లూ ఆయన అనుకుంటున్నాడు. మర్నాడు పొద్దున రేపల్లె రైలెక్కి, ఆ డీలర్ల కొట్ల మెట్లెక్కి మాట్లాడి వచ్చాడు.

నీతి: ఆగినదాన్ని లేపేముందే ఎందుకు ఆగిందో చూడాలి, లేపాక చెప్పడానికి సాక్షి మిగలడు. తీసుకున్నది తిరిగిచ్చే ఏర్పాటు పని చెడిన దారిలో కూడా ఉండాలి.

ఈ కథలో మనుషులు కల్పితం. జబ్బు కల్పితం కాదు. జావా సర్వర్లను కాచేవాళ్లలో కనెక్షన్ లీకు చూడనివాడు అరుదు. జావాను సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో లోకానికిచ్చింది. టామ్‌క్యాట్ కూడా అక్కడే పుట్టి 1999లో అపాచీ సంస్థ చేతికి వచ్చింది. 'నిల్వ లేదు' దారిలో కనెక్షన్ పోకుండా కాపాడే ట్రై-విత్-రిసోర్సెస్ అనే వాక్యం భాషలోకి వచ్చింది 2011లో, జావా 7తో. బ్లాకులోంచి ఎట్లా బయటపడినా, మామూలుగానైనా, మధ్యలో వెనుదిరిగినా, తప్పు జరిగి ఎగిరిపడినా, తెరిచినదాన్ని అదే మూస్తుంది. ఇన్నేళ్లయినా అది వాడని పాత కోడు మన ఊళ్లలో బిల్లులు కొడుతూనే ఉంది. ఎరువుల కొట్లో, ఆసుపత్రి కౌంటర్లో, కాలేజీ ఫీజుల గదిలో.

లాగు ఎందుకు మౌనంగా ఉందో కూడా చెప్పుకోవాలి. టామ్‌క్యాట్‌తో మామూలుగా వచ్చే అపాచీ పూల్‌లో, కనెక్షన్ కోసం ఎంతసేపు ఎదురుచూడాలో మనం చెప్పకపోతే అది ఎంతకాలమైనా ఎదురుచూస్తుంది. తప్పని ఎక్కడా అనదు. పది సెకన్లో, ఇరవై సెకన్లో హద్దు పెడితే, ఆ హద్దు దాటిన ప్రతిసారీ లాగులో ఒక ఫిర్యాదు పడుతుంది. డీలరుకు చక్రానికి బదులు ఒక మాట కనబడుతుంది. ఆ ఒక్క అంకె రాసి ఉంటే ఈ కథ ఆగస్టు మొదట్లోనే ముగిసేది. తిరిగి ఇవ్వని కనెక్షన్లను లాక్కునే ఏర్పాటును మాత్రం ఆలోచించి వాడాలి. నెలాఖరు స్టాకు రిపోర్టుకు ఏడు నిమిషాలు పట్టే చోట అయిదు నిమిషాల హద్దు పెడితే, నిజంగా పనిచేస్తున్న దాని చేతిలోంచే కనెక్షన్ లాక్కుంటుంది. ముందు మీ దగ్గర అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచే పని ఏదో కనుక్కుని, అంతకుమించి పెట్టాలి.

రీస్టార్ట్ చేయడం తప్పని నేననడం లేదు. రేపల్లెలో మనిషి కౌంటరు ముందు కూర్చుని ఉంటే లేపి తీరాలి. లేపేముందు రెండు మూడు నిమిషాల పని ఉంది, అంతే. మూడు థ్రెడ్ డంపులు, డేటాబేసు ప్రాసెస్ లిస్టు, డిస్కులో మిగిలిన చోటు, గడియారం టైము. ఇవన్నీ ఒక షెల్ స్క్రిప్టులో పెట్టుకుంటే చేతులు వణికే వేళ ఏదీ గుర్తుచేసుకోనక్కర్లేదు. మెమరీ నిండి పడిపోయే సర్వరుకు ఇంకో ఉపాయం ఉంది. పడిపోయే క్షణాన ఆ మెమరీని, అంటే హీప్‌ను ఫైల్లో రాసిపెట్టమని జావాకు ముందే చెప్పి ఉంచవచ్చు. ఆ ఫైలు దాదాపు మీ హీప్ అంత ఉంటుంది, డిస్కులో చోటు చూసుకోవాలి. అందులో ఖాతాదారుల ఫోను నంబర్ల నుంచి పాస్‌వర్డుల దాకా ఉండవచ్చు కాబట్టి ఎవరికి పడితే వాళ్లకు పంపకూడదు.

డిస్కు నిండిందని టామ్‌క్యాట్ లాగు అయిన కెటలీనా డాట్ అవుట్ ఫైలును చెరిపేయడం నేను చాలాచోట్ల చూశాను, చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంది. సర్వరు దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంటుంది కనుక, చెరిపినా డిస్కులో చోటు రాదు. పేరు మాత్రం పోతుంది, సాక్ష్యం చేయిదాటుతుంది. ముందు ఇంకోచోటికి కాపీ చేసుకుని, తర్వాత అదే ఫైలును ఖాళీ చేస్తే చోటూ వస్తుంది, సాక్ష్యమూ మిగులుతుంది.

ఇక తాత నడిచిన కాలువల సంగతికి వస్తే, కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. అది 1952లో తెగాక, దాని స్థానంలో 70 గేట్ల ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది. సీతానగరం వైపు తలుపుల్లోంచి వచ్చిన నీరు దుగ్గిరాల దగ్గర పాయలై, తెనాలి ఊళ్లోంచి సాగి, సముద్రం దగ్గరి శివారు పొలాలకు పోవాలి. ఈ నేల మీద నీటి తగాదా తీర్చాలంటే శివారు నుంచే మొదలుపెట్టాలి. తలుపుల దగ్గర నీళ్లు నిండుగానే కనబడతాయి. సర్వరుకూ అంతే. హెడ్డాఫీసు తెర మీద పచ్చదీపం చూసి బాగుందనుకోవద్దు. చివర కూర్చునేవాడు, ఆలస్యంగా వచ్చేవాడు, నిల్వ లేనప్పుడు నొక్కేవాడు, వాళ్ల తెర చూడాలి. ఆ కష్టం వాళ్లు ఫోను చేసి చెబుతున్నప్పుడు నెట్టు బాగాలేదని కొట్టిపారేయకూడదు.

యజమానులకు ఒక మాట. ఎంత తొందరగా లేపాడన్నది చూసి జీతాలు పెంచితే, మీ దగ్గర లేపేవాళ్లే మిగులుతారు. ఎన్నాళ్లుగా లేపే పని పడలేదన్నది అడగండి. సీజను నడుమ పది నిమిషాలు కావాలని వచ్చిన పిల్లను గదమాయించకండి. ఆ పది నిమిషాలు ఇచ్చినందుకే ఈ వ్యాపారికి తన రేపల్లె డీలర్లు ఏమయ్యారో తెలిసింది.

ఇక సర్వర్లు చూసుకునే మా పిల్లలకు, తెనాలిలో ఉన్నా, బాపట్లలో చదువుతున్నా, ఊరు దాటి ఎక్కడో పనిచేస్తున్నా, నేను అడిగేది ఒక్కటే. ఈ రాత్రి మీ సర్వరు క్రాన్‌టాబ్ ఒకసారి తెరవండి. అందులో రోజూ రీస్టార్ట్ చేసే లైను ఉంటే, అది ఎవరు రాశారో, ఏ జబ్బు చూసి రాశారో కనుక్కోండి. చెప్పేవాళ్లు ఎవరూ లేకపోతే, రేపు రాత్రి ఆ లైను నడవకముందే మూడు థ్రెడ్ డంపులు తీసి, డేటాబేసులో ఎన్ని కనెక్షన్లు నిద్రపోతున్నాయో లెక్కపెట్టండి.